సర్టిఫికెట్ చూసేది ఎవరు?

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లోనో, విజయవాడ బస్టాండ్ చుట్టుపక్కలో కరెంటు స్తంభాలకు అంటించిన కాగితాలు చదివితే డిగ్రీ అంత సులువుగా దొరికే వస్తువు ఇంకోటి లేదనిపిస్తుంది. ‘పది ఫెయిలా? ఇంటర్ ఫెయిలా? డైరెక్ట్ డిగ్రీ.’ ‘ఒక్క ఏడాదిలో డిగ్రీ.’ ‘ఉద్యోగులకు ప్రత్యేక అవకాశం.’ కింద ఒక సెల్ నంబరు. ఫోన్ చేస్తే అవతలి గొంతు ఎంతో మర్యాదగా పలుకుతుంది. ఏ కోర్సు అడిగినా ఉందంటుంది, ఏ రాష్ట్రం యూనివర్సిటీ అడిగినా ఉందంటుంది, పాస్ గ్యారంటీ అని కూడా అంటుంది. ఆ డిగ్రీ దేనికండీ అని మాత్రం అడగదు.

అడగాల్సింది చదవబోయే మనిషే. పద్దెనిమిదేళ్ల కుర్రాడు డిగ్రీలో చేరడం వేరు. తనకేం కావాలో తేల్చుకోవడానికి కూడా అతను ఆ మూడేళ్లనే వాడుకోవచ్చు. ఉద్యోగం, ఇంటి లోను వాయిదా, బడికెళ్లే పిల్లలు ఉన్న ముప్పై అయిదేళ్ల మనిషి చేరడం వేరు. ఈ వయసులో డిగ్రీ ఏదో ఒక పని కోసం కావాలి. ప్రమోషన్ కావచ్చు, గ్రూప్స్ రాయడానికి కావచ్చు, నల్లకోటు వేసుకోవడానికి కావచ్చు, ఎన్నాళ్లుగానో మనసులో ఉండిపోయిన కోరిక తీర్చుకోవడానికీ కావచ్చు. పని ఏదైనా సరే, చివరికి ఒక రోజు ఒక అధికారి ఆ సర్టిఫికెట్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. దాని విలువ తేలేది ఆ రోజే. కాబట్టి కాలేజీ వెతకడం కంటే ముందు ఆ అధికారి ఎవరో, ఆయన బల్ల మీద ఏ రూల్ పుస్తకం ఉంటుందో వెతకాలి. చాలామంది ఈ వరస తిరగేస్తారు. ముందు ఫీజు కడతారు, మూడేళ్లు చదువుతారు, సర్టిఫికెట్ వెరిఫికేషన్ నాడు రూలు తెలుసుకుంటారు.

నోటిఫికేషన్ చదివాకే ప్రాస్పెక్టస్

బ్యాంకులో క్లర్కుగా చేస్తున్నవారి సంగతి తీసుకుందాం. తోటివాళ్లంతా ఏదో ఒక ఎంబీఏ చేస్తున్నారని తామూ దూరవిద్యలో ఎంబీఏ కట్టేద్దామనుకుంటారు. అదే బ్యాంకులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ నిర్వహించే జేఏఐఐబీ పాసైతే ఒక ఇంక్రిమెంటు, ఆ మీద సీఏఐఐబీ పాసైతే మరో రెండు ఇంక్రిమెంట్లు వస్తాయి. వాటికయ్యే ఖర్చు ఎంబీఏ ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ. చదివేది కూడా రోజూ కౌంటర్లో చేసే పనే. అటువంటివారికి రెండేళ్ల ఎంబీఏ చెడ్డదని కాదు, మొదట చేయాల్సింది మాత్రం అది కాదు. డిగ్రీ ఎంపిక గురించిన అధ్యాయంలో ‘అసలు డిగ్రీ అక్కర్లేదు’ అనే సలహా రావడం వింతగా ఉండొచ్చు. కానీ నిజాయితీగా లెక్క వేస్తే కొందరికి వచ్చే జవాబు అదే.

ప్రైవేటు బడిలో పనిచేస్తూ డీఎస్సీ మీద ఆశ పెట్టుకున్న టీచర్ది ఇంకో రకం చిక్కు. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు బీఈడీ ఒక్కటే చాలదు. డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఐచ్ఛికాలుగా చదివారు, బీఈడీలో ఏ మెథడాలజీ తీసుకున్నారు అన్నవి రెండూ చూస్తారు. డిగ్రీ దరఖాస్తులో కాంబినేషన్ గడి ఉన్న చోట ‘ఏది సులువు?’ అని ఆలోచించి టిక్కు పెట్టినవారికి, అయిదారేళ్ల తర్వాత ఆ టిక్కే అడ్డం పడుతుంది. ఇలాంటివారు దరఖాస్తు నింపేముందు పాత డీఎస్సీ నోటిఫికేషన్ ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని విద్యార్హతల పేజీ ఒక్కటి చదివితే చాలు. అది ఏ కౌన్సెలరూ చెప్పలేనంత స్పష్టంగా చెబుతుంది.

లా చదవాలనుకునే ఉద్యోగులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మూడేళ్ల ఎల్ఎల్‌బీకి ఏ డిగ్రీ అయినా చాలని అందరూ అంటారు. ఆ మాటలో సగమే నిజం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్య నిబంధనల్లో అయిదో రూలు కింద ఒక వివరణ ఉంది. ప్రాథమిక అర్హత లేకుండా, అంటే పది తర్వాత ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ పొందినవారు లా కోర్సుకు అర్హులు కారు. ఒకప్పుడు మన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో అర్హత పరీక్ష రాసి, ఇంటర్ లేకుండానే డిగ్రీలో చేరిన వారు ఎంతోమంది ఉన్నారు. బడి మధ్యలో మానేసిన కూలీలకు, ఆడవాళ్లకు, చిన్న ఉద్యోగులకు ఆ పరీక్ష నిజంగా తలుపు తెరిచింది. ఆ డిగ్రీతో బయటి లోకంలో ఎన్నో పనులు జరిగాయి. లా కాలేజీ గుమ్మం దగ్గర మాత్రం జరగలేదు.

ఈ వరస పట్టింపు లా ఒక్కదానికే కాదు. మామూలు డిగ్రీ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా సంపాదించిన పీజీ చెల్లదని 2009లో సుప్రీంకోర్టు అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో తేల్చింది. ప్రభుత్వ నోటిఫికేషన్ల వెనక కనిపించని మెట్లు ఉంటాయి: పది, తర్వాత ఇంటర్, తర్వాత డిగ్రీ. మధ్య మెట్టు లేనివారు దాన్ని దాటేసి పైకి దూకాలనుకోవడం కంటే తెలంగాణలో ఓపెన్ స్కూల్ సొసైటీ (టాస్), ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఓపెన్ స్కూల్, లేదంటే కేంద్రం నడిపే ఎన్ఐఓఎస్ ద్వారా ఇంటర్ పూర్తిచేసుకుని డిగ్రీకి వెళ్లడం మేలు. కొంతకాలం అదనంగా పడుతుంది. తర్వాత ఏ బల్ల దగ్గరా తల వంచుకోనక్కర్లేదు.

అమెరికా ఆలోచన ఉన్నవారికి లెక్క మళ్లీ వేరు. మన మూడేళ్ల బీఎస్సీ, బీకాంలు అక్కడి నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీకి మామూలుగా సమానం కావు. హెచ్-1బీ వీసా నిబంధనల్లో మూడేళ్ల పని అనుభవాన్ని ఒక ఏడాది చదువు కింద లెక్కించే వెసులుబాటు ఉంది కాబట్టి కొందరికి దారి దొరుకుతుంది. జాతీయ విద్యావిధానం 2020 తర్వాత నాలుగో ఏడాది ఆనర్స్ వచ్చింది కనుక, విదేశాల ఆలోచన గట్టిగా ఉన్నవారు నాలుగో ఏడాది దొరికే చోటు చూసుకోవడం తెలివైన పని. గల్ఫ్‌కి వెళ్లేవారు డిగ్రీకి అటెస్టేషన్ చేయించుకోవాలి. అక్కడ రెగ్యులరా, దూరవిద్యా అని అడిగే సందర్భాలూ ఉంటాయి. వెళ్లబోయే ఉద్యోగం ఏదో తెలిస్తే, ఆ కంపెనీనే ముందు అడగడం నయం.

దొరకని డిగ్రీలు

ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్‌లో కొందరు డిప్లొమా ఇంజినీర్లు ఉద్యోగం చేస్తూనే డీమ్డ్ యూనివర్సిటీల నుంచి దూరవిద్యలో బీటెక్ చేశారు. ప్రమోషన్ల దగ్గర గొడవ మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017 నవంబరు 3న తీర్పు వచ్చేసరికి ఆ గొడవ ఒక కార్పొరేషన్‌ది కాకుండా పోయింది. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలన్నీ చిక్కులో పడ్డాయి. 2001 నుంచి 2005 మధ్య చేరినవారి డిగ్రీలను కోర్టు నిలిపివేసి, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే తిరిగి చెల్లుతాయంది. ఆ తర్వాత చేరినవారి డిగ్రీలు రద్దయ్యాయి. అప్పటికే ఆ డిగ్రీతో పైమెట్టు ఎక్కి, జీతం పెరిగి, కొందరు రిటైర్మెంటుకు దగ్గరవుతున్న వయసులో మళ్లీ హాల్ టికెట్ పట్టుకుని పరీక్ష హాలుకు వెళ్లాల్సి వచ్చింది. వాళ్లు మోసగాళ్లు కారు. డబ్బు కట్టారు, పుస్తకాలు చదివారు, పరీక్షలు రాశారు. ఆ కోర్సును ఆ పద్ధతిలో నడిపే అనుమతి ఆ యూనివర్సిటీకి ఉందా లేదా అన్నది మాత్రం చూడలేదు.

ఇప్పుడు ఆ రూలు ఇంకా స్పష్టంగా ఉంది. యూజీసీ 2020 సెప్టెంబరులో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఆర్కిటెక్చర్, లా, వ్యవసాయం వంటివి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వకూడదు. పీహెచ్‌డీ కూడా అంతే. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ వంటివీ ఆ జాబితాలో చేరాయి. ఆసుపత్రిలో పనిచేస్తూ కౌన్సెలర్ కావాలని ఎంఏ సైకాలజీ కోసం దూరవిద్య ప్రాస్పెక్టస్ దాచుకున్నవారు అది ఏ సంవత్సరానిదో చూసుకోవాలి. పాత ప్రాస్పెక్టస్ మీద కొత్త అడ్మిషన్ జరగదు.

నిషేధం లేని కోర్సులకు మాత్రం ఆ నిబంధనలే గట్టి అండ. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో ఇచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ రాతపూర్వకంగానే చెప్పింది. కాకపోతే ఆ గుర్తింపు యూనివర్సిటీకి ఒకసారి వచ్చి శాశ్వతంగా ఉండిపోయేది కాదు. కోర్సు కోర్సుకూ, సెషన్ సెషన్‌కూ ఉండాలి. యూజీసీలోని డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ జాబితా ఉంటుంది. చేరే సెషన్, చేరే కోర్సు, చేరే యూనివర్సిటీ, మూడూ ఒకే వరుసలో కనిపిస్తేనే ఫీజు కట్టాలి. 2024 నుంచి విద్యార్థి స్వయంగా ఆ బ్యూరో పోర్టల్‌లో డెబ్-ఐడీ తీసుకోవాలనే నియమం కూడా వచ్చింది. దానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా ఉండాలి. ‘అవన్నీ మేమే చూసుకుంటాం సార్’ అని ఏజెంటు అంటే, అక్కడే ఆగిపోవాలి.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్యకు హద్దు కూడా ఉంటుంది. తమ రాష్ట్రం దాటి స్టడీ సెంటర్లు పెట్టడానికి వాటికి వీల్లేదు. ఎక్కడో ఈశాన్యంలో ఉన్న ప్రైవేటు యూనివర్సిటీకి కరీంనగర్ కోచింగ్ సెంటర్ మేడ మీద ‘అధీకృత కేంద్రం’ ఉందంటే అది అధీకృతం కాదన్నట్టే. ఆన్‌లైన్ డిగ్రీలకు ఈ హద్దు లేదు కనుక ఇప్పుడు చాలామంది ఆ మాట వెనక దాక్కుంటున్నారు. ఆన్‌లైన్ అని చెప్పి, పరీక్ష మాత్రం సెంటర్లో అందరినీ కూర్చోబెట్టి పుస్తకాలు తెరిచి రాయించే చోట్లున్నాయి. ఆ సర్టిఫికెట్ గురించి వేరే చెప్పనక్కర్లేదు. యూజీసీ ప్రకటించే నకిలీ యూనివర్సిటీల జాబితాలో గుంటూరు, విశాఖపట్నం చిరునామాలు కూడా ఉన్నాయని గుర్తుంచుకుంటే, మోసమంతా ఉత్తరాది సరుకే అనే భ్రమ పోతుంది. హిమాచల్ ప్రదేశ్ సోలన్‌లో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం సంగతి ఇంకో పాఠం. అది నకిలీ కాదు, చట్టం ప్రకారం పుట్టినదే. అయినా వేల సంఖ్యలో డిగ్రీలు అమ్ముకుందన్న ఆరోపణలతో పోలీసు కేసులు నడిచాయి. కాబట్టి జాబితాలో పేరుండటం మొదటి పరీక్ష మాత్రమే.

డిప్లొమా చేసి ఫ్యాక్టరీలోనో, విద్యుత్ సంస్థలోనో పనిచేస్తూ బీటెక్ కోరుకునేవారికి మంచి దారులు లేకపోలేదు. ఉద్యోగులకు అనువైన వేళల్లో బీటెక్ నడుపుకోవడానికి ఏఐసీటీఈ 2023 నుంచి కాలేజీలకు అనుమతి ఇస్తోంది. బిట్స్ పిలానీ 1979 నుంచి ఉద్యోగుల కోసం వర్క్ ఇంటిగ్రేటెడ్ కోర్సులు నడుపుతోంది. దానికి కంపెనీ సమ్మతి, కంపెనీలోనే ఒక మెంటర్ కావాలి. ఏఎంఐఈ చేస్తే బీటెక్‌తో సమానమేనని పాతతరం ఇంజినీర్లు ఇంకా చెబుతుంటారు. వాళ్ల కాలానికి అది నిజమే. కేంద్ర ప్రభుత్వం ఆ సమానత్వాన్ని 2013 మే 31 వరకు పేరు నమోదు చేసుకున్నవారికే పరిమితం చేసింది. పెద్దల సలహా వినాల్సిందే, దాని మీద తేదీ కూడా చూసుకోవాలి.

ఇక రెగ్యులర్ కాలేజీలో పేరు రాయించుకుని, క్లాసుకు వెళ్లకుండా ‘సెట్ చేసుకునే’ పద్ధతి ఒకటుంది. అందరికీ తెలిసినదే, ఎవరూ పైకి అనరు. సర్వీసు రిజిస్టరులో ఆఫీసుకు హాజరైన తేదీలు, కాలేజీ రిజిస్టరులో 75 శాతం హాజరు, రెండూ ఒకే మనిషివి ఒకే వేళల్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ ‘ఎవరో’ చాలాసార్లు ప్రమోషన్ వరుసలో వెనకున్న సహోద్యోగే. లా విద్యార్థులు ఉద్యోగం చేస్తున్నారో లేదో వెల్లడించి, చేస్తుంటే నిరభ్యంతర పత్రం చూపాలని బార్ కౌన్సిల్ 2024 సెప్టెంబరులో సర్క్యులర్ కూడా పంపింది. ప్రభుత్వ ఉద్యోగులు కోర్సు ఏదైనా ముందుగా శాఖ అనుమతి కాగితం మీద తీసుకోవాలి. ‘సార్‌కి చెప్పాను, సరేనన్నారు’ అన్నది చెల్లదు. ఆ సార్ బదిలీ అవుతారు, కాగితం అవదు.

వారానికి ఎన్ని గంటలు?

డిగ్రీ ఖర్చు అనగానే అందరూ ఫీజు చూస్తారు. ఇగ్నో బీఏకో, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం బీకాంకో ఏడాదికి అయ్యేది కొన్ని వేలే. పెద్ద ఖర్చు గంటలది. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 120 క్రెడిట్ల డిగ్రీ అనుకుంటే 3,600 గంటలు. మూడేళ్లలో పూర్తి చేయాలంటే వారానికి దాదాపు 23 గంటలు పడతాయి. అంటే రోజుకు మూడు గంటలపైనే, పండుగా పబ్బమూ లేకుండా. ఆఫీసుకు పోను రాను మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా తిరిగేవారికి అది సాధ్యమా? కొందరికి సాధ్యమే, మెట్రోలో కూర్చోవడానికి సీటు దొరికితే. ఎక్కువమందికి కాదు.

అయితే అదే డిగ్రీని ఇగ్నో ఆరేళ్ల దాకా పూర్తి చేసుకోనిస్తుంది. ఆరేళ్లకు పరిస్తే వారానికి పదకొండున్నర గంటలు. ఇది మనిషి చేయగల పని. ఉద్యోగం చేస్తూ చదివేవారు మొదటి రోజే ‘మూడేళ్లలో కొట్టేస్తా’ అని ఇంట్లో ప్రకటించడం, రెండో ఏడాది బ్యాక్‌లాగులు పేరుకున్నాక సిగ్గుతో మానేయడం తరచూ జరిగేదే. నాలుగైదేళ్లని ముందే చెప్పుకుంటే ఆ సిగ్గు ఉండదు. గరిష్ఠ గడువు ఎంత అన్నది ప్రాస్పెక్టస్‌లో అందరూ దాటేసి వెళ్లే పేజీ. ఉద్యోగి మొదట తెరవాల్సింది ఆ పేజీనే.

గంటలతో పాటు నెలలూ చూడాలి. ఇగ్నో టర్మ్ ఎండ్ పరీక్షలు జూన్, డిసెంబరుల్లో జరుగుతాయి. ఆడిటర్ ఆఫీసులో పనిచేసేవారికి మార్చి, సెప్టెంబరు నెలల్లో ఊపిరి ఆడదు కానీ జూన్ కొంత నయం. ఆర్టీసీ వారికి దసరా, సంక్రాంతి రోజుల్లో సెలవు అడగడమే దండగ. టీచర్లకు మార్చి, ఏప్రిల్‌లో పరీక్షల డ్యూటీలు, తర్వాత స్పాట్ వాల్యుయేషన్. పొలం పని కూడా చూసుకునేవారికి జూన్ అంటే తొలకరి. అందుకని ఎంచుకున్న కోర్సు పోయిన రెండేళ్ల పరీక్షల టైంటేబుల్ వెతికి, తమ పని క్యాలెండరు పక్కన పెట్టి చూసుకోవాలి. బీఎస్సీ అయితే ప్రాక్టికల్స్ ఏ స్టడీ సెంటర్లో, ఏ రోజుల్లో పెడతారో కూడా అడగాలి. షిఫ్టుల్లో పనిచేసేవారి బీఎస్సీలు ఎక్కువగా ఆగిపోయేది ల్యాబ్ దగ్గరే.

ఈ లెక్కలన్నీ కాగితం మీద బాగానే కుదురుతాయి. ఇంట్లో కుదురుతాయో లేదో తెలియాలంటే ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు, అదీ దాదాపు ఉచితంగా. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో గానీ, కేంద్రం 2017లో ప్రారంభించిన ‘స్వయం’ పోర్టల్‌లో గానీ ఎనిమిది లేదా పన్నెండు వారాల కోర్సు ఒకటి ఎంచుకోవాలి. చదవడానికి ఫీజు లేదు, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే కొద్ది మొత్తం కట్టాలి. వారం వారం అసైన్‌మెంటుకు గడువు ఉంటుంది. ఎన్నో వారానికి గడువు తప్పిందో చూసుకుంటే చాలు. మూడో వారానికే తప్పితే, మూడేళ్ల డిగ్రీకి అడ్వాన్సు కట్టే ముందు ఇంట్లో పనుల పంపకం గురించి గట్టిగా మాట్లాడుకోవాలి. ఈ మాట ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో. ‘చదువుకో, నేనేమైనా వద్దన్నానా’ అనే భర్తలకు కొదవ లేదు. రాత్రి వంట, పిల్లల హోంవర్క్ ఎవరు చూస్తారన్న దగ్గరే ఆ అనుమతి అసలు కొలత తెలుస్తుంది.

ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీలో ఈ పరీక్ష కోర్సులోనే కలిసి ఉంది. ముందు నాలుగు వారాల పాఠాలు, అసైన్‌మెంట్లు, ఆపైన క్వాలిఫయర్ పరీక్ష. అది దాటితేనే ప్రవేశం. ఒక్కో కోర్సుకు వారానికి పది గంటలు కేటాయించాలని వాళ్లే చెబుతారు. పరీక్షలు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. ఫీజు దూరవిద్య బీఏలతో పోలిస్తే ఎక్కువే, కానీ కుటుంబ ఆదాయాన్నీ సామాజిక వర్గాన్నీ బట్టి 75 శాతం దాకా రాయితీ ఉంది. మధ్యలో ఆపేస్తే అప్పటిదాకా చదివినదానికి సర్టిఫికెట్టో డిప్లొమానో చేతికి వస్తుంది. ఉద్యోగులు ఏ కోర్సులోనైనా వెతకాల్సిన గుణం ఇదే: మధ్యలో దిగిపోయే మెట్లు ఉన్నాయా? అకడమిక్ బ్యాంక్‌లో దాచిన క్రెడిట్లు మామూలుగా ఏడేళ్ల దాకా పనికొస్తాయి. బదిలీ, కాన్పు, అమ్మానాన్నల జబ్బు, వీటిలో ఏదో ఒకటి ఆ సంవత్సరాల్లో తప్పకుండా వస్తుంది.

పనిలోంచే సబ్జెక్టు

ఏ సబ్జెక్టు అన్నది ఇంతసేపూ వెనక్కి నెట్టిన ప్రశ్న. పై లెక్కలు కుదిరాక మిగిలే కోర్సులు ఎలాగూ రెండో మూడో. వాటిలో ఒకటి ఎంచుకోవడానికి మార్కెట్ పోకడ కంటే పనికొచ్చే గీటురాయి ఒకటుంది: పగలు చేసే పనికీ రాత్రి చదివే పుస్తకానికీ చుట్టరికం ఉందా?

మంత్రి ధనసరి అనసూయ, అందరూ పిలిచే పేరు సీతక్క, ఇందుకు తెలుగునాట కళ్లముందున్న ఉదాహరణ. చిన్న వయసులోనే నక్సల్ ఉద్యమంలోకి వెళ్లి, 1990ల్లో బయటికొచ్చి, లా చదివి వకీలుగా పనిచేశారు. 2009లో ములుగు నుంచి ఎమ్మెల్యే అయ్యారు. రాజకీయాల్లో మునిగి ఉండగానే 2022లో ఉస్మానియా నుంచి రాజనీతిశాస్త్రంలో డాక్టరేట్ అందుకున్నారు. ఎమ్మెల్యే పదవికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఆమె పరిశోధన మాత్రం గొత్తికోయ గిరిజనుల జీవితం మీద, అంటే తన నియోజకవర్గం అడవుల్లో రోజూ తిరిగి చూసే మనుషుల మీద. ఆమెకు చదువు కోసం వేరే లోకానికి వెళ్లాల్సిన పని పడలేదు. అందరికీ అంత కుదరకపోవచ్చు. కానీ సహకార సంఘంలో లెక్కలు రాసే మనిషికి బీకాం సగం తెలిసిన పాఠమే. అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌కు సోషల్ వర్క్, పంచాయతీ కార్యదర్శికి పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ కూడా అంతే. తెలిసిన పాఠానికి గంటలు తక్కువ పడతాయి. పైన వేసిన 3,600 గంటల లెక్క నిశ్శబ్దంగా తగ్గేది ఇక్కడే.

గ్రూప్స్ రాసేవారికి ఇదే సూత్రం ఇంకోలా పనిచేస్తుంది. చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రంతో బీఏ చదివితే డిగ్రీ చదువూ పోటీ పరీక్ష చదువూ చాలావరకు ఒకటే అవుతాయి. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో పెట్టినప్పుడు, తొలి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి హయాంలో, తెలుగులో స్వయంగా చదువుకుని అర్థం చేసుకునేలా పాఠాలు రాయించే పని మొదలైంది. తర్వాత 1985లో ఇగ్నో పుట్టినప్పుడు దానికీ ఆయనే తొలి వైస్ చాన్సలర్. హైదరాబాద్‌లోని సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. దాని బీఏ పుస్తకాలు తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన కోఠి షాపుల్లో ఇప్పటికీ దొరుకుతాయి. అక్కడ పేరు నమోదు చేసుకోనివారు కూడా గ్రూప్స్ కోసం అవే కొంటారు. పుస్తకం బాగుందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఏ యూనివర్సిటీ అయినా సరే, చేరే ముందు దాని పాఠ్యపుస్తకం ఒకటి తెచ్చుకుని ఇరవై పేజీలు చదివి చూడాలి. దూరవిద్యలో ఆ పుస్తకమే మాస్టారు. తెలుగు మీడియంలో చదివి ఇరవై ఏళ్లయినవారు ‘ఇంగ్లిష్ అయితే విలువ’ అని ఇంగ్లిష్ మీడియం రాయించుకుని, మొదటి అసైన్‌మెంటు దగ్గరే చేతులెత్తేయడం అనవసరమైన కష్టం. ఇంగ్లిష్ నేర్చుకోవాలనుకుంటే దాన్ని విడిగా నేర్చుకోవచ్చు.

ఒకేసారి రెండు డిగ్రీలు చేసేయొచ్చు కదా అనే ఉత్సాహవంతులూ ఉంటారు. 2022 ఏప్రిల్ నుంచి యూజీసీ దానికి అనుమతిస్తోంది. అనుమతి ఉన్న ప్రతిదీ చేయాలని లేదు. ఉద్యోగం కూడా చేస్తున్నవారికి అది మూడో డ్యూటీ.

ఇన్ని చూసుకుని చేరే రోజున మరో మూడు పనులుంటాయి. ఫీజు యూనివర్సిటీ పోర్టల్‌లో నేరుగా కట్టాలి, ఎవరి ఫోన్‌పే నంబరుకీ పంపకూడదు. రసీదు, డెబ్-ఐడీ, అడ్మిషన్ నంబరు ముద్రించి శాఖ అనుమతి పత్రంతో కలిపి ఒకే ఫైలులో పెట్టాలి. స్టడీ సెంటర్‌లో పది, ఇంటర్ ఒరిజినల్ మెమోలు ‘మా దగ్గర ఉంచండి’ అంటే ఇవ్వకూడదు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే ఆదేశించింది. చూసి, సరిపోల్చుకుని, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయమని చెప్పి, ఇచ్చేదాకా కౌంటర్ దగ్గరే నిలబడాలి.